హోటల్ స్టోరుకు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఎలా: బియ్యం బస్తా నుంచి ప్లేటు దాకా

"స్టాకు చూసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని అడిగే హోటల్ యజమానులకు నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను. మీ స్టోరులో ఉన్న నూనె టిన్ను పదిహేను కిలోలదా, పదిహేను లీటర్లదా? చాలామంది లేచి వెళ్లి చూసి రావాల్సి వస్తుంది.

ఆ జవాబు తెలియకుండా కొన్న సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా మూడు నెలలు తిరిగేసరికి బిల్లులు కొట్టే యంత్రంగా మిగిలిపోతుంది. స్టాకు పేజీని ఎవరూ తెరవరు. అందుకే ఇక్కడ సగం పని కంపెనీలకు ఫోను చేయకముందే ఉంటుంది.

ఒకటి రెండు శాఖలు, యాభై నుంచి నూట యాభై సీట్లు ఉన్న హోటళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద గొలుసు సంస్థల అవసరాలు వేరు.

## 1. అసలు అవసరమా, ముందు అది తేల్చుకోండి

ఉదయం మీరే మార్కెట్‌కు వెళ్లి, మీరే తూకం చూసుకుని, మీరే గల్లా దగ్గర కూర్చునే టిఫిన్ సెంటరైతే ఇంకా అవసరం లేదు. ఒక నోటు పుస్తకం, వారానికోసారి ఎక్సెల్ పేజీ చాలు.

కింది వాటిలో రెండు నిజమైతే అవసరం వచ్చినట్టే.

- సరుకు దిగేటప్పుడు మీరు అక్కడ ఉండరు.
- ఒక చోట పిండి, గ్రేవీ తయారై రెండో శాఖకు వెళ్తుంది.
- అమ్మకం పెరిగినా నెలాఖరుకు చేతిలో మిగిలేది పెరగడం లేదు, కారణం ఎవరూ చెప్పలేకపోతున్నారు.
- స్టోరు తాళం ఒకరి దగ్గర, వంటగది మరొకరి చేతిలో, కొనుగోలు ఇంకొకరి పని.

## 2. సరుకుల జాబితా: ఒక పేరు, ఒక కొలత

ఒక వారం దీనికే కేటాయించండి. గత రెండు నెలల కొనుగోలు చీటీలన్నీ ముందేసుకుని, కొన్న ప్రతి సరుకునూ ఒక వరుసలో రాయండి. "మిర్చి", "ఎండు మిర్చి", "గుంటూరు మిర్చి" అని ఒకే సరుకు మూడు పేర్లతో కనిపిస్తుంది. ఒకటి ఉంచి మిగతావి కొట్టేయండి. పచ్చి మిర్చికి దాని వరుస దానికి ఉండాలి.

ప్రతి పేరు పక్కన మూడు కొలతలు రాయాలి: ఏ లెక్కన కొంటారు, ఏ లెక్కన స్టోరులో ఉంచుతారు, ఏ లెక్కన వంటలో వాడతారు. గుడ్లు ట్రేలుగా వస్తాయి, ట్రేకు 30, వంటలోకి ఒక్కొక్కటిగా పోతాయి. కొత్తిమీర కట్టలుగా వచ్చి గ్రాములుగా పోతుంది. కట్ట బరువు వానాకాలంలో ఒకటి, ఎండాకాలంలో ఒకటి. అలాంటి వాటికి వారం పాటు తూచి సగటు తీసుకోవడం తప్ప దారి లేదు.

బియ్యం బస్తా దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడండి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న లేబుల్ ప్యాకింగ్‌పై 5 శాతం జీఎస్టీ వచ్చింది. దాన్ని తప్పించుకోవడానికి మిల్లర్లు 26 కిలోల బస్తాలు తెచ్చారు. ఇప్పుడు మీ స్టోరులో రెండు రకాలూ పక్కపక్కనే ఉండవచ్చు. "10 బస్తాలు" అని రాసుకుంటే పది కిలోల బియ్యం ఎటు పోయిందో తెలియదు. బస్తాను కొలతగా కాక, కిలోలకు మార్చి రాసుకోవాలి.

ఇక నూనె. నేను లెక్కలు చూసిన ఒక హోటల్లో వారానికి పది టిన్నులు వాడేవారు. సాఫ్ట్‌వేర్‌లో టిన్నుకు 15 కిలోలు అని ఎక్కించారు. ప్రతి సోమవారం పదమూడు కిలోలకు పైగా నూనె తక్కువ చూపేది. అనుమానం వేపుళ్ల దగ్గర పనిచేసే కుర్రాడి మీద పడింది. అతని సంచి కూడా వెతికారు. చివరికి ఖాళీ టిన్ను తిప్పి చూస్తే దాని మీద 15 లీటర్లు అని ఉంది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి టిన్నులో ఉన్నది పదమూడు కిలోల ఆరు వందల గ్రాముల చిల్లర మాత్రమే. కంప్యూటర్ తప్పు చేయలేదు, దానికి చెప్పింది తప్పు. ఆ కుర్రాడు మాత్రం మర్నాటి నుంచి పనికి రాలేదు.

ఈ దశ ముగిసేసరికి మీ చేతిలో ఉండాల్సినవి:

- ఒక్కో సరుకుకు ఒకే పేరు ఉన్న జాబితా. వీలైతే తెలుగులోనే.
- మూడు కొలతలు, వాటి మధ్య లెక్క.
- కొలవగలిగినవన్నీ తూచడానికి స్టోరు గుమ్మం దగ్గర ఒక కాటా.
- అల్మారాలకు పేర్లు. "ఎడమ వైపు రెండో అర" అన్నట్టుగా.

## 3. వంటకాల లెక్క: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి

సాఫ్ట్‌వేర్ స్టాకును ఎలా తగ్గిస్తుందంటే, బిల్లులో ఒక ప్లేటు పడగానే ఆ ప్లేటుకు మీరు రాసిన సరుకులను నిల్వలోంచి తీసేస్తుంది. మీరు రాసింది తప్పైతే ఆ తప్పును రోజుకు నాలుగు వందల సార్లు చేస్తుంది.

అన్ని వంటకాలూ ఒకేసారి రాయాలని కూర్చోవద్దు. అమ్మకంలో పైన ఉన్న పదిహేనింటితో మొదలుపెట్టండి. వంట మాస్టర్‌ను అడిగి రాసుకోవడం సరిపోదు, ఆయన చేత్తో వేసే ఉప్పును గ్రాముల్లో చెప్పలేరు. ఆయన వండుతుండగా పక్కన కాటా పెట్టుకుని, వేసే ముందు గిన్నె, వేశాక గిన్నె తూచండి. మూడు రోజులు చేస్తే సగటు వస్తుంది. ముందే ఆయనతో మాట్లాడి, "మీ వంట పరీక్షించడానికి కాదు మాస్టర్‌గారూ, సరుకు తెప్పించడానికి" అని చెప్పి ఒప్పించండి. ఆయన సహకరించకపోతే ఏ సాఫ్ట్‌వేరూ నిలబడదు.

తరుగు. పది కిలోల ఉల్లి కొంటే పొట్టు తీశాక తొమ్మిది కిలోలకు అటూ ఇటూగా మిగులుతుంది. కోడిని బతికున్న తూకానికి కొంటే చర్మం తీసిన మాంసం మూడింట రెండు వంతుల దగ్గర వస్తుంది. ఈ తరుగు శాతం ప్రతి సరుకుకూ విడిగా పెట్టే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. శాతం మాత్రం పక్క హోటల్‌ను అడిగి వేయకండి, మీ వంటగదిలోనే తూచి వేయండి.

మధ్య తయారీలు. ఇడ్లీ పిండి, దోశ పిండి, అల్లం వెల్లుల్లి ముద్ద, బిర్యానీ మసాలా, పల్లీ చట్నీ. ఇవి కొన్న సరుకులూ కావు, అమ్మే వంటకాలూ కావు. ముందు రోజు రాత్రి మినప్పప్పు, రవ్వ తగ్గి పిండి నిల్వగా మారాలి. మర్నాడు ఇడ్లీ అమ్మినప్పుడు పిండి తగ్గాలి. ఈ రెండు అంచెలు లేని సాఫ్ట్‌వేర్‌ను దక్షిణాది వంటగదికి తీసుకోవద్దు.

హండీ వంట. బిర్యానీ ఒక్కో ప్లేటుగా వండరు కదా. పది కిలోల బియ్యంతో ఒక హండీ దించి, అందులోంచి ప్లేట్లు తీస్తారు. "ఒక హండీ తయారైంది" అని నమోదు చేసి, అందులోంచి ఎన్ని ప్లేట్లు వచ్చాయో చూసుకోగలగాలి. సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్ దేనికెంత అన్నది గరిట లెక్కన కాక గ్రాముల్లో ఉండాలి.

అన్‌లిమిటెడ్ భోజనం. ప్లేటుకు ఇంత అనే లెక్క ఇక్కడ పనిచేయదు. రెండోసారి పప్పు వేయించుకునేవారు ఉంటారు, పెరుగుతో సరిపెట్టుకునేవారూ ఉంటారు. దీనికి నేను చేసే పద్ధతి ఇది: వారం రోజులు మధ్యాహ్నం వండిన ప్రతి కూరనూ తూచి, మూడున్నరకు మిగిలినదాన్ని తూచి, తేడాను అమ్మిన భోజనాల సంఖ్యతో భాగిస్తాను. ఆ సగటునే భోజనం "రెసిపీ"గా ఎక్కిస్తాను. ఆదివారానికి విడిగా సగటు తీస్తాను. అన్నం కూడా ఉడికిన బరువులో తూచి, ఉడకక ముందు ఎంతో వెనక్కి లెక్క కడతాను. మూడు నెలలకోసారి మళ్లీ చూసుకోవాలి.

పార్సిల్. డబ్బా, మూత, రైతా కప్పు, చెంచా, సంచి. వీటిని రెసిపీలో చేర్చడం మరిచిపోయి, నెలాఖరుకు ప్యాకింగ్ ఖర్చు చూసి బిత్తరపోతారు. స్విగ్గీ, జొమాటో ఆర్డర్లు ఎక్కువున్న చోట ఇది చిన్న మొత్తం కాదు.

## 4. మీ కొనుగోలు తీరుకు తగినదా?

హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు కొంటే చేతికొచ్చేది కంప్యూటర్ బిల్లు కాదు, పెన్నుతో రాసిన చీటీ. కోళ్లవాడికి వారానికోసారి లెక్క కడతారు. పాలవాడికి నెలకు. బేగంబజార్ కిరాణాకు జీఎస్టీ బిల్లు ఉంటుంది. ఈ నాలుగూ ఒకే పద్ధతిలో నమోదు చేయమనే సాఫ్ట్‌వేర్ మీ స్టోర్‌కీపర్‌ను రెండో వారానికే విసిగిస్తుంది. బిల్లు నంబరు లేకపోయినా కొనుగోలు ఎక్కాలి, అరువు ఎంతుందో ఒక్కో వ్యాపారి పేరున కనపడాలి, రోజూ మారే ధరను చేత్తో వేసే వీలుండాలి.

పన్ను విషయంలో ఒక కీలకమైన సంగతి. ఎక్కువ రెస్టారెంట్లు 5 శాతం జీఎస్టీ కింద ఉంటాయి, వాటికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ లేదు. అంటే నెయ్యి మీద మీరు కట్టిన పన్ను వెనక్కి రాదు, అది నెయ్యి ధరలో భాగమే. సరుకు ధరను పన్నుతో కలిపి లెక్కగట్టేలా అమరిక మార్చుకోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు పన్ను తీసేసిన ధరనే వంటకం ఖర్చులో చూపుతాయి, దాంతో ప్లేటు ఖర్చు తక్కువ కనిపించి మోసపోతారు. 2025 సెప్టెంబరు 22న నెయ్యి, వెన్నపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, ఈ అమరిక సరిగ్గా ఉన్నవారికి స్వీట్ల ఖర్చు తగ్గడం వెంటనే కనిపించి ఉండాలి.

## 5. ఏ రకం తీసుకోవాలి

మూడు రకాలు ఉన్నాయి.

బిల్లింగ్, స్టాకు కలిసి ఉన్నవి మొదటి రకం. పెట్‌పూజా, ఒకప్పుడు పోసిస్ట్‌గా ఉన్న రెస్ట్రోవర్క్స్, చెన్నైకి చెందిన గోఫ్రూగల్ ఈ కోవలోవి. అమ్మకం నుంచి స్టాకు తానే తగ్గుతుంది కాబట్టి మనం మాట్లాడుకుంటున్న హోటళ్లకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం.

రెండోది విడి స్టాకు సాఫ్ట్‌వేర్. బిల్లింగ్ ఇప్పటికే బాగా నడుస్తూ మార్చడం ఇష్టం లేకపోతే ఇది చూడవచ్చు. కానీ రెండూ మాట్లాడుకోగలవా అన్నది చేసి చూపించమనండి, నోటిమాట నమ్మవద్దు.

టాలీ లాంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మూడోది. ఆడిటర్‌కు ఇది కావాలి, నిజమే. ప్లేటుకూ పప్పుకూ రోజువారీ లంకె వేయడానికి మాత్రం అది తీరైన పనిముట్టు కాదు. దాన్ని ఉంచుకోండి, స్టోరు బాధ్యత దాని నెత్తిన పెట్టకండి.

## 6. డెమో రోజు: మీ సరుకుతో, మీ మనిషితో

అమ్మేవాళ్లు చూపించే డెమోలో అన్నీ పనిచేస్తాయి, అది వాళ్లు సర్దిపెట్టుకున్న ఇల్లు. రంగురంగుల గ్రాఫులు చూసి తల ఊపి వచ్చేస్తే నష్టం మీదే. మీ స్టోర్‌కీపర్‌ను పక్కన కూర్చోబెట్టి, ఈ పనులు ఆయన చేత చేయించండి.

1. 26 కిలోల బస్తాలు నాలుగు, 25 కిలోలవి రెండు కొన్నట్టు ఎక్కించండి. నిల్వ 154 కిలోలు చూపాలి.
2. కొత్తిమీర నలభై కట్టలు, బిల్లు లేకుండా, అరువు మీద.
3. ఐదు కిలోల టమాటాలు కుళ్లి ఉన్నాయని వెనక్కి పంపండి. వ్యాపారికి ఇవ్వాల్సిన మొత్తం తగ్గిందా?
4. ఇడ్లీ పిండి ఒక విడత తయారు చేయండి.
5. ఒక బిర్యానీ హాల్లో, ఒకటి పార్సిల్. బిర్యానీ సరుకు రెండింటికీ తగ్గాలి, డబ్బా మాత్రం ఒకటే తగ్గాలి.
6. ఒక ఆర్డరును వండక ముందు, ఇంకోదాన్ని వండాక రద్దు చేయండి. మొదటి దానిలోనే సరుకు వెనక్కి రావాలి. ఎక్కువ సాఫ్ట్‌వేర్ల తడబాటు ఇక్కడే చూశాను.
7. లెక్కలో మూడు కిలోల తేడా వచ్చిందని సరిదిద్దండి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో నిలిచి ఉండాలి.
8. నెట్ తీసేసి రెండు బిల్లులు కొట్టి, మళ్లీ పెట్టండి.
9. మొత్తం సమాచారం ఎక్సెల్‌లోకి దించమనండి. వంటకాల లెక్కతో సహా.

తొమ్మిదిలో ఏడు సాఫీగా జరిగితే బేరానికి కూర్చోవచ్చు. కానీ 1, 4, 9 తప్పితే మిగతావి ఎంత బాగున్నా లేచి రండి.

అంతకన్నా ముఖ్యం, స్టోర్‌కీపర్ ముఖం చూడండి. ఉదయం ఆరింటికి తడి చేతులతో, ఆటో డ్రైవరు తొందర పెడుతుండగా ఎక్కించాల్సింది ఆయనే. ఒక కొనుగోలుకు ఆరు పేజీలు దాటాల్సి వస్తే ఆయన ఎక్కించడు. సరుకుల పేర్లు తెలుగు లిపిలో కనపడతాయా, ఫోనులో నడుస్తుందా అన్నవి ఇక్కడ సోకు కోసం కావు.

## 7. ధర అడిగే పద్ధతి

"ఏడాదికి ఎంత?" అని అడిగితే సగం జవాబే వస్తుంది. విడివిడిగా రాయించుకోండి:

- చందా, అందులో స్టాకు భాగం ఉందా, అదనమా?
- శాఖకు, కంప్యూటరుకు, వాడే మనిషికి విడి రుసుము ఉందా?
- మొదటి అమరిక, శిక్షణ, డెలివరీ యాప్‌లతో అనుసంధానం
- రెండో ఏడాది ధర
- రాత్రి పదింటికి ఫోను చేస్తే ఎత్తేవారున్నారా, తెలుగులో మాట్లాడతారా?

చందా 20,000 రూపాయలు అన్నారనుకోండి. దానిపై 18 శాతం జీఎస్టీ 3,600. పైన చెప్పిన 5 శాతం కింద ఉంటే అది మీకు తిరిగి రాదు, కాబట్టి మీ ఖర్చు 23,600. కాటా, ట్యాబ్ వేరు. మొదటిసారి ఏడాదికి మించి డబ్బు కట్టవద్దు, మూడేళ్లకు ఎంత తగ్గింపు ఇచ్చినా సరే. మానుకున్నప్పుడు మీ సమాచారం మీకు ఇచ్చే సంగతి ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి.

## 8. మొదటి నలభై రోజులు

1 నుంచి 10వ రోజు. కొనుగోళ్లు మాత్రమే ఎక్కించండి. పాత పుస్తకం కూడా నడవనివ్వండి. రోజూ రాత్రి రెండూ పోల్చండి.

11వ రోజు. హోటల్ మూసేశాక మొత్తం స్టాకు తూచి ప్రారంభ నిల్వగా వేయండి. ఫ్రీజరు, వంటగదిలో తెరిచిన డబ్బాలు, గ్రైండరు పక్కన నానుతున్న పప్పు కూడా లెక్కే. ఇద్దరు చేయాలి, ఒకరు తూచాలి, ఇంకొకరు రాయాలి.

12 నుంచి 25. పదిహేను వంటకాలను లంకె వేయండి. చికెన్, మటన్, నూనె, బియ్యం, పనీర్, నెయ్యి, ఈ ఆరింటినే రోజూ లెక్కపెట్టండి. డబ్బు పోయేది వీటిలోనే. ఆవాలు నెలకోసారి చాలు.

26 నుంచి. వారం వారం తేడా చూడండి. ఉదాహరణకు చికెన్: సోమవారం నిల్వ 12 కిలోలు, వారంలో కొన్నది 180, ఆదివారం రాత్రి మిగిలింది 15. వాడింది 177. అమ్మిన 1,050 ప్లేట్లకు 160 గ్రాముల చొప్పున 168 కిలోలు పోవాలి. తేడా 9 కిలోలు. సిబ్బంది భోజనానికి 4, పాడైనది కిలోన్నర అని నమోదు ఉంటే జవాబు దొరకనిది మూడున్నర కిలోలు. కిలో 250 రూపాయల లెక్కన వారానికి 875, ఏడాదికి 45,500. సాఫ్ట్‌వేర్ దాన్ని ఆపదు, ఎక్కడ వెతకాలో చూపుతుంది. అటుపైన వెతకడం మీ పని.

కనీస నిల్వ హెచ్చరికలు ఆఖరున పెట్టుకోండి. ఆదివారానికి, మామూలు రోజుకు వేర్వేరుగా ఉండాలి. కార్తీక మాసం మొదలయ్యే ముందు చికెన్, మటన్ అంకెలను తగ్గించాలి. గుర్తులేకపోతే సాఫ్ట్‌వేర్ పాత అలవాటు ప్రకారం తెప్పించమంటూనే ఉంటుంది.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

నిల్వ మైనస్‌లో చూపుతోంది. లేని సరుకు అమ్మినట్టు లెక్క. ముందు ఆ రోజు కొనుగోలు ఎక్కిందో లేదో చూడండి. తర్వాత కొలతలు, ఆ తర్వాతే రెసిపీ. వరుస తప్పించి రెసిపీ మార్చేస్తే రెండో తప్పు పుడుతుంది.

తేడా ప్రతి వారం సున్నా. సంతోషించకండి. ఎవరో తూచకుండా, తెర మీద ఉన్న అంకెనే తిరిగి రాస్తున్నారు. లెక్కపెట్టేవారికి పాత అంకె కనపడకుండా దాచే ఏర్పాటు ఉంటే వాడండి. లేకపోతే ఖాళీ కాగితం ఇచ్చి పంపండి.

ఒక్కసారిగా ప్లేటు ఖర్చు ఎగబాకింది. ఉల్లి ధర పెరిగి ఉండవచ్చు. లేదా స్టోర్‌కీపర్ బస్తా ధరను కిలో ధర గడిలో వేసి ఉండవచ్చు. ముందు రెండోదే చూడండి.

పెరుగు, క్రీమ్ గడువు దాటుతున్నాయి. నిల్వ లెక్క సరిగ్గానే ఉంది, అరల్లో సర్దడం సరిగ్గా లేదు. కొత్త ప్యాకెట్లు వెనక, గడువు దగ్గరపడ్డవి ముందు. కొనుగోలు ఎక్కించేటప్పుడే గడువు తేదీ వేయించండి.

వంటగది నుంచి నేరుగా వచ్చి తీసుకెళ్తున్నారు. ఇండెంట్ (ఏది ఎంత కావాలో రాసిచ్చే చీటీ) లేకుండా స్టోరులోంచి ఏదీ కదలకూడదని చెబుతారు, రద్దీ వేళ ఎవరూ వినరు. తలుపు పక్కన ఒక పలక, సుద్దముక్క పెట్టండి. తీసుకున్నది అక్కడ రాస్తే, రద్దీ తగ్గాక స్టోర్‌కీపర్ సిస్టంలో ఎక్కిస్తాడు.

స్టోర్‌కీపర్ సెలవు పెడితే అంతా ఆగిపోతోంది. మొదటి నెలలోనే రెండో మనిషికి నేర్పండి. పాస్‌వర్డ్ మాత్రం ఇద్దరికీ వేర్వేరుగా ఉండాలి. ఒకే పాస్‌వర్డ్ వంటగదిలో గోడ మీద రాసి ఉన్న హోటళ్లు నేను చూశాను. అక్కడ మూడు కిలోల తేడాను ఎవరు సరిదిద్దారని అడిగితే సిస్టం ఎప్పుడూ యజమాని పేరే చూపేది.